వారానికో మాత్ర: ఎముకల మందు మీ ఇంట్లో ఎలా వేస్తున్నారు?

తెనాలి_కూతురు
మా అమ్మకి 67. పోయిన నెల బాత్రూంలో జారితే మణికట్టు విరిగింది. డెక్సా (ఎముకల గట్టిదనం చూసే స్కాన్) తీయిస్తే వెన్నులో టి స్కోర్ -2.9 వచ్చింది, అంటే ఎముకలు బాగా గుల్లబారాయట. ఎముక కరగకుండా ఆపే మాత్ర, అలెండ్రోనేట్ 70 ఎంజీ, వారానికొకటి రాశారు. పరగడుపున వేసుకోవాలని, అరగంట పడుకోకూడదని చెప్పారు, అర్థమైంది. కానీ అమ్మకి థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే. రెండూ ఎలా? కింద పన్ను ఒకటి కదులుతోంది, పీకించాలి, అది ముందా మందు ముందా? కాల్షియం ఎప్పుడు? ఇంకోటి, మందు కాగితంలో మినరల్ వాటర్‌తో వద్దని ఉంది. మా ఇంట్లో తాగేది క్యాన్ నీళ్లే. టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

గోదారి_గట్టు
నీళ్ల సంగతి తర్వాత, పడుకోకుండా చూసుకో తల్లీ. మా అత్తగారు తెల్లారుజామున లేచి రెండు గుక్కలతో మింగేసి మళ్లీ మంచం మీద వాలేవారు. మేమెవరం గమనించలేదు. నాలుగో వారానికి ఇడ్లీ ముక్క కూడా దిగలేదు. ఛాతీ మధ్యలో మంట, గుండె పోటేమోనని పరుగులు పెట్టాం. ఎండోస్కోపీలో అన్నవాహికలో పుండు. మాత్ర అక్కడే అంటుకుని కరిగిందన్నారు. ఇప్పటికీ ఆ ఉదయం తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. పక్కన ఎవరో ఒకరు కూర్చోండి.

మందుల_షాపు_32ఏళ్లు
32 ఏళ్లు కౌంటర్ వెనక నిలబడ్డాను, ఈ మందు మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి అమ్ముతున్నాను. నమలకూడదు, చప్పరించకూడదు, రాత్రి వేసుకోకూడదు. ఒక వారం మర్చిపోతే గుర్తొచ్చిన మర్నాడు పొద్దున ఒకటి, ఒకే రోజు రెండు మాత్రం వద్దు. మినరల్ వాటర్ వద్దని రాశారంటే క్యాన్ నీళ్లు వద్దనే. బోరు నీళ్లు కాచి చల్లార్చి ఇవ్వండి.

నీళ్ల_ప్లాంట్_ఒంగోలు
అయ్యా, పెద్దవారు మీరు, కానీ తలకిందులుగా చెప్పారు. నేను ప్లాంట్ నడుపుతాను. మన 20 లీటర్ల క్యాన్‌ని జనం అలవాటుగా మినరల్ వాటర్ అంటారు కానీ అది ఆర్ఓ నీళ్లు. లవణాలు చాలావరకు తీసేసినవి. కాగితంలో వద్దన్నది కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుండే అసలు మినరల్ వాటర్‌ని. మీరు ఇమ్మంటున్న బోరు నీళ్లలోనే అవి దండిగా ఉంటాయి. మా వైపు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. అది కాల్షియమే. దాంతో మాత్ర మింగితే మందు ఒంటికి పట్టదు.

మందుల_షాపు_32ఏళ్లు
కాస్తే పెచ్చు అడుగుకి దిగిపోతుందిగా, పైన తేట ఇవ్వమన్నాను. వేలమందికి చెప్పాను, ఒక్కరూ తిరిగొచ్చి అడగలేదు.

నీళ్ల_ప్లాంట్_ఒంగోలు
ఎలా అడుగుతారండీ? మందు పట్టకపోతే ఆ రోజు నొప్పి ఉండదు, దద్దురు రాదు. రెండేళ్ల తర్వాత తుంటి విరుగుతుంది, అప్పుడు నీళ్లని ఎవరు అనుమానిస్తారు? కాచినా కొంతే పోతుంది, మొత్తం పోదు.

నల్గొండ_వాసి
బోరు నీళ్లంటే నాకు కడుపు మండుతుంది. మా తాత, పెదనాన్న ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయినోళ్లు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాకే మా పిల్లలు తప్పించుకున్నారు. ఇక్కడొకటి గుర్తుపెట్టుకోండి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కాన్‌లో గట్టిగా కనిపిస్తుంది, నిజానికి పెళుసు. మా అమ్మకి టి స్కోర్ బాగుందని మందే రాయలేదు. ఊరి పేరు, తాగిన నీళ్ల సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి.

పొలం_బిడ్డ
ఇన్ని మాత్రలెందుకండీ? మా నాయనమ్మ రాగి సంకటి తిని 90 ఏళ్లు బతికింది. రోజూ రాగి జావ, మునగాకు పెట్టండి చాలు.

గోదారి_గట్టు
మీ నాయనమ్మ ఎముక విరగలేదు బాబూ, ఈ అమ్మాయి వాళ్లమ్మది విరిగింది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మంచిదే, మేమూ పెడతాం. కరిగిపోతున్న ఎముకని ఆపే పని దానిది కాదు. ఇలాంటి మాటలు విని మా చిన్నత్త మందు మానేసింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది. దయచేసి ఇక్కడ రాయకండి.

పొలం_బిడ్డ
మంచి చెప్తే తిడతారేంటి.

డాలస్_కోడలు
మాత్ర పడనివాళ్లకి ఆరు నెలలకో ఇంజెక్షన్ ఉంది, డెనోసుమాబ్ 60 ఎంజీ. మొదలుపెట్టే ముందు నా మాట వినండి. మా అమ్మకి 2019లో మొదలుపెట్టారు. మూడోది వేయించాల్సిన తేదీ 2020 లాక్‌డౌన్‌లో పడింది. తర్వాత చేయిద్దాంలే అనుకున్నాం, నేనే ఫోన్‌లో ‘బయటికి వెళ్లకమ్మా’ అన్నాను. పదో నెలలో బిందె కూడా కాదు, చెంబు ఎత్తబోయి కూలబడింది. వెన్నుపూసలు రెండు నలిగిపోయాయి. ఆ మందు ఆపితే ఎముక అంతకుముందు కంటే వేగంగా కరుగుతుందట. ఆపాలంటే దాని బదులు ఇంకో మందు వేసే ఆపాలట. మొదటిరోజు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అమ్మ ఇక్కడికి వచ్చే ముందు టికెట్ తేదీ కన్నా ఇంజెక్షన్ తేదీ చూస్తాం.

విశాఖ_మాస్టారు
మా ఆవిడకి ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇచ్చారు. ముందు కిడ్నీలు బాగున్నాయా అని క్రియాటినిన్ పరీక్ష చూశారు. ఆ రాత్రి ఒళ్లు కాలిపోయే జ్వరం, ఒళ్లు నొప్పులు, మూడు రోజులు. పారాసెటమాల్‌తో తగ్గింది. రెండో ఏడాది అంత రాలేదు. పొద్దున్నే కాఫీ కోసం అరగంట ఆగలేని మనిషికి ఇదే హాయి.

కడప_చెల్లి
విటమిన్ డి గురించి ఎవరూ అనలేదు. 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ వారానికొకటి అని రాస్తే, మా మామగారు రోజుకొకటి పాలలో కలుపుకున్నారు, రెండు నెలలు. వాంతులు, మలబద్ధకం, మాట తడబాటు. రక్తంలో కాల్షియం పెరిగిపోయి ఐదు రోజులు ఆసుపత్రి. షాపులో చీటీ మీద ‘1-0-0’ (పొద్దున ఒకటి) అని రాసిచ్చారు, అంతే.

మందుల_షాపు_32ఏళ్లు
ఇది మా వాళ్ల తప్పే అమ్మా, సిగ్గుపడాల్సిన విషయం. నేనైతే ప్యాకెట్ మీద ‘ఆదివారం’ అని పెన్నుతో రాసిచ్చేవాణ్ణి. నీళ్ల విషయంలో మాత్రం ఒంగోలు ఆయన ఏమన్నా నా అనుభవం నాది.

నీళ్ల_ప్లాంట్_ఒంగోలు
అనుభవాన్ని కాదనను సార్. మీ బోరు నీళ్ల హార్డ్‌నెస్ ఒకసారి పరీక్ష చేయించండి, పాఠం చెప్పడం మానేస్తాను.

తెనాలి_కూతురు
అందరికీ దండం. నా థైరాయిడ్ ప్రశ్న, పన్ను ప్రశ్న అలాగే ఉండిపోయాయి కదా, నిన్న డాక్టర్ దగ్గరికే వెళ్లాను. పన్ను ముందు పీకించి, పుండు మానాక మాత్ర మొదలుపెట్టమన్నారు. ఈ మందు వాడుతూ పన్ను పీకిస్తే దవడ ఎముక మానకపోవడం అరుదేనట, అయినా వీలున్నప్పుడు ముందే చేయించుకోవడం మేలన్నారు. వారంలో ఆ ఒక్కరోజు మాత్రం ముందు ఎముకల మాత్ర, అరగంట ఆగి థైరాయిడ్, ఇంకో అరగంటకి కాఫీ. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో. తొడలో, గజ్జల్లో కొత్తగా నొప్పి మొదలైతే ఆగకుండా రమ్మన్నారు. అమ్మ గురువారం ఎంచుకుంది, ఎలాగూ ఆ రోజు బాబా పూజయ్యేదాకా ఏమీ తినదు. క్యాన్ నీళ్లతోనే వేస్తున్నాను.

గోదారి_గట్టు
పూజలో సాష్టాంగ నమస్కారం చేస్తుందేమో చూడు తల్లీ. ఆ అరగంట వంగకూడదు.

తెనాలి_కూతురు
అయ్యో, చేస్తుంది! ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.