నాన్న కథల పుస్తకం మళ్లీ వేయాలి: ఈబుక్కా, అచ్చా? చేసినవాళ్లు చెప్పండి

హొరమావు మేడమీద

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, పదిహేనేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. మా నాన్న 2003లో సొంత డబ్బు పెట్టి కథల పుస్తకం ఒకటి వేశారు. పద్నాలుగు కథలు, 160 పేజీలు, వెయ్యి కాపీలు. ఆయన పోయి రెండేళ్లయింది. మొన్న ఊళ్లో ఇల్లు ఖాళీ చేస్తుంటే మంచం కింద అట్టపెట్టెల్లో నూట ఎనభై కాపీలు దొరికాయి. సగానికి చెద పట్టింది.

విచిత్రం ఏంటంటే ఇప్పుడు అడిగేవాళ్లు ఉన్నారు. నాన్న దగ్గర చదువుకున్నవాళ్లు డాలస్‌లో, హైదరాబాద్‌లో, ఇక్కడే వైట్‌ఫీల్డ్‌లో ఉన్నారు. తమ్ముడేమో "ఈబుక్ పెట్టేయ్ అక్కా, పైసా ఖర్చు లేదు" అంటాడు. అమ్మేమో "చేత్తో పట్టుకోడానికి ఉండాల" అంటుంది. డీటీపీ చేసినాయన అప్పట్లో ఇచ్చిన సీడీ ఉంది. దాన్ని పెట్టడానికి ఇంట్లో ఏ ల్యాప్‌టాప్‌కీ డ్రైవ్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పేజ్‌మేకర్ బాధితుడు

ముందు ఆ సీడీని ఎండలో పెట్టకండి. ఎస్.పి. రోడ్డులో బయట తగిలించుకునే డ్రైవ్ దొరుకుతుంది, అందులోంచి ఫైళ్లన్నీ కాపీ చేసుకోండి.

పాతికేళ్లు డీటీపీ చేశాను కాబట్టి చెప్తున్నా. 2003 అంటే దాదాపు ఖాయంగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లు. ఆ ఫైల్లో ఉన్నది తెలుగు కాదు, తెలుగు ముసుగేసుకున్న ఇంగ్లీషు గుర్తులు. ఫాంట్ తీసేస్తే పిచ్చిగీతలు మిగులుతాయి. కాగితం మీద అచ్చు కొట్టడానికి దాంతో ఏ ఇబ్బందీ లేదు, అందుకే మన ప్రెస్సులు ఇన్నేళ్లు దాన్ని పట్టుకుని వేలాడాయి. ఈబుక్ దగ్గరికొచ్చేసరికి యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి మార్చాలి. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి, ఒక్క క్లిక్కు పని అంటారు. ఆ క్లిక్కు తర్వాత అసలు కథ మొదలవుతుంది.

నేను మార్చిన పుస్తకంలో సగం చోట్ల 'మ' కాస్తా 'వు' అయింది. మాట వూట, సమస్య సవుస్య, ప్రేమ ప్రేవు. కథలో మామయ్య వూవుయ్య అయి కూర్చున్నాడు. పోనీ 'వు'లన్నీ ఒకేసారి 'మ' చేసేద్దాం అని ఫైండ్ రీప్లేస్ కొట్టా. ఆవు ఆమ అయింది, చెరువు చెరుమ అయింది. ఇక పదం పదం చూసుకోవడమే. 140 పేజీల పుస్తకానికి పదకొండు సాయంత్రాలు పట్టింది, అదీ ఇద్దరం కూర్చుంటే.

ఈ బాధ పడలేక చాలామంది పేజ్‌మేకర్ పేజీలనే పీడీఎఫ్ చేసి "ఈబుక్" అని అమ్మేస్తారు. అది ఈబుక్ కాదు, పుస్తకం ఫొటో. ఫోన్లో పెద్దది చేస్తే లైను సగం బయటికి పోతుంది, ప్రతి లైనుకీ వేలితో అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. "తెలుగువాళ్లు ఈబుక్ చదవరండీ" అనే మాట ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండేది ఇందుకే. చదవడానికి ఏమిచ్చాం?

కిండిల్ అత్తయ్య

నా వయసు అరవై ఎనిమిది, జయనగర్. కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయింది. పైనాయన చెప్పింది అక్షరాలా నిజం.

మా అబ్బాయి ఈబుక్కులు చదివే కిండిల్ కొనిచ్చాడు. ఇంగ్లీషు నవలలు అక్షరం పెద్దది చేసుకుని హాయిగా చదువుతా. తెలుగు పీడీఎఫ్ ఎక్కిస్తే డెమ్మీ సైజు పేజీ మొత్తం ఆరంగుళాల తెరలో ఇరుక్కుంటుంది, చీమల బారు చూసినట్టే. పెద్ద అక్షరం ఎవరికి కావాలి? నాలాంటివాళ్లకే. తెలుగు పుస్తకాలు కొని చదివే తరం కూడా మేమే. మాకే చీమలు!

చర్చి స్ట్రీట్ ఆదివారాలు

కిండిల్ మాట వచ్చింది కాబట్టి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ స్టోరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకి చోటిచ్చింది. ఆ ఐదింట్లో తెలుగూ లేదు, కన్నడమూ లేదు. మా పక్కింటి తమిళాయన ఫోన్లో కిండిల్ యాప్ తెరిచి ఎన్ని చూపిస్తాడో! మనం అందుకే కినిగె లాంటి సొంత ఈబుక్ కొట్ల మీద ఆధారపడ్డాం.

ఇక "ఈబుక్స్ వచ్చి పుస్తకాల షాపులు మూతపడ్డాయి" అనే మాటకి ఈ ఊళ్లో సాక్ష్యం తక్కువ. ప్రీమియర్ 2009లో మూసేశారు, అప్పటికి ఇక్కడ ఈబుక్ అంటే ఎవరికి తెలుసు? స్ట్రాండ్ 2018లో పోయింది. అద్దెలు, ఆన్‌లైన్ డిస్కౌంట్లు తినేశాయి. కోరమంగలలో 2007లో ఫ్లిప్‌కార్ట్ మొదలైందే పుస్తకాలు అమ్ముతూ కదా. మరోపక్క చర్చి స్ట్రీట్‌లో ఆదివారం సాయంత్రం వెళ్తే పాత పుస్తకాల షాపుల్లో ఇప్పటికీ నిలబడే చోటుండదు. అందులో కాలేజీ పిల్లలే ఎక్కువ. తెలుగు అరల సంగతి మాత్రం అడక్కండి. ఒక షాపులో అడిగితే కన్నడ అర చూపించి "రెండూ ఒకటే కదా సార్, గుండ్రంగా ఉంటాయి" అన్నాడు.

రాయదుర్గం బస్సు

నేను రెండు సంపుటాలు వేశా. లెక్క చెప్తా, నిర్ణయం మీది.

మొదటిది అచ్చు, 500 కాపీలు, ధర 200. కాపీకి అచ్చు ఖర్చు 85 పడింది. షాపుకి 40 శాతం, అంటే 80 రూపాయలు. మిగిలింది 35. అందులోంచి పార్శిల్ ఖర్చు, ఊరికే పంచినవి, "డబ్బులు రేపేస్తానన్నా" అన్నవాళ్లు. చానా షాపులు అమ్మాక ఇస్తామంటాయి, అమ్మామని చెప్పవు. మూడేళ్లకి 310 పోయాయి. మిగతావి నా మంచం కింద ఉన్నాయి. (హొరమావు గారూ, మన ఇళ్లల్లో మంచాలన్నీ ప్రచురణకర్తల గోడౌన్లే.)

రెండోది ఈబుక్ ఒక్కటే. ధర 100, సైటు సగం తీసుకుంది. మూడేళ్లలో 61 కాపీలు. ఒక సభలో "ఈబుక్ వచ్చింది" అంటే అందరూ చప్పట్లు కొట్టి "పీడీఎఫ్ పంపండి" అన్నారు. కొనమంటే ముఖం చిట్లించారు. నెల తిరక్కుండా టెలిగ్రామ్‌లో ఎవరో పెట్టేశారు. కోపం వచ్చింది, కానీ లోపల కొంచెం సంతోషంగా కూడా ఉండింది, దొంగిలించదగ్గ పుస్తకమే అన్నమాట.

ఇప్పుడు మూడోదానికి నేను పట్టుకున్న దారి వేరు: కావలసినప్పుడు ఒక్కో కాపీ అచ్చేసే పద్ధతి. ప్రింట్ ఆన్ డిమాండ్ అంటారు. మన బెంగళూరులోనే పోతి డాట్ కామ్ 2008 నుంచి ఈ పని చేస్తోంది, చెన్నైలో నోషన్ ప్రెస్ ఉంది. ఆఫ్‌సెట్‌లో వెయ్యి వేస్తేనే కాపీ ధర దిగుతుంది, ఎందుకంటే ప్లేట్లకీ మిషన్ సెట్ చేయడానికీ అయ్యే ఖర్చు పది కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. డిజిటల్ మిషన్‌కి ప్లేట్లు లేవు, పీడీఎఫ్ నుంచి నేరుగా అచ్చవుతుంది. కాపీకి నాకు 140 దాకా పడింది, ఎక్కువే. కానీ మంచం కింద ఏమీ లేదు. డిజిటల్ విప్లవం అంటే అందరూ తెరవైపు చూస్తారు గానీ నావరకు అది కాగితం మీదే వచ్చింది.

మూడో ఫ్లోర్ వకీలు

మామూలు సలహా, ఫీజు లేదు. నాన్నగారి రచనల మీద హక్కులు వారసులవి, ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే అమ్మగారు, మీరు, తమ్ముడు ముగ్గురూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టుకోండి. పుస్తకం నాలుగు కాపీలు అమ్ముడైనప్పుడు ఎవరూ అడగరు, సినిమావాళ్లు ఫోన్ చేసిన రోజు అందరూ అడుగుతారు.

కథలు ముందు వారపత్రికల్లో వచ్చి, ఆయన ఏదైనా హక్కుల కాగితం మీద సంతకం పెట్టి ఉంటే అది చూడాలి. కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కేస్తుంది. 2012 సవరణలో ఇంకోటి చేర్చారు: సంతకం పెట్టేనాటికి లేని, వ్యాపారంలో లేని మాధ్యమానికి ఆ కాగితం వర్తించదు, ప్రత్యేకంగా రాసుంటే తప్ప.

పన్ను సంగతి: అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఈబుక్‌కి మొదట 18 శాతం వేశారు. 2018 జూలై నుంచి అచ్చు ప్రతి ఉన్న పుస్తకం ఈబుక్‌కి 5 శాతం, అచ్చు లేకుండా ఈబుక్ మాత్రమే ఉంటే పాత 18 శాతమే. మీ అమ్మగారి పక్షాన ప్రభుత్వం కూడా ఉందన్నమాట. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు సంఖ్య, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, ఎవరన్నా డబ్బడిగితే వాళ్ల సేవకి అడుగుతున్నట్టు. అచ్చుకి ఒకటి, ఈబుక్‌కి ఒకటి, విడివిడిగా తీసుకోండి.

సర్జాపుర ట్రాఫిక్

అందరూ ఒక సంగతి మర్చిపోతున్నారు. మా పిల్లలిద్దరూ తెలుగు గలగలా మాట్లాడతారు. చదవలేరు. బడిలో ఇంగ్లీషు, హిందీ, కన్నడ. వాళ్లకి తాతగారి పుస్తకం అచ్చులో ఇచ్చినా తెరమీద ఇచ్చినా ఒకటే. నేను తెలుగు కథలు చదివి వినిపించే దాసుభాషితం యాప్‌ని కారులో పెడతా, సిల్క్ బోర్డు దగ్గర ఆగినప్పుడు ఒక కథ అయిపోతుంది. మొన్న చిన్నది "ఇంకోటి పెట్టు నాన్నా" అంది, ట్రాఫిక్ కదిలినా.

ఇంకోపక్క కథలు రాసి, చదివే యాప్ ప్రతిలిపి. 2014లో ఇక్కడే పుట్టింది, తెలుగు సీరియళ్లు బోలెడు. రోజుకో భాగం, ఆగలేకపోతే కాయిన్లు. ఒకప్పుడు వారపత్రిక కోసం శుక్రవారం ఎదురుచూసినట్టే ఉంది వ్యవహారం. రాసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, మా ఆవిడ స్నేహితురాలు ఒకామె ఉద్యోగం చేసుకుంటూ రాత్రి పదకొండుకి భాగం రాసి పెడుతుంది. సాహిత్యం కాదని పెదవి విరిచే పెద్దలున్నారు. చదివేవాళ్లు మాత్రం అక్కడున్నారు.

టాటా ఇన్‌స్టిట్యూట్ గేటు

పాత సంగతి ఒకటి. తెలుగు పుస్తకాలు కంప్యూటర్‌లోకి ఎక్కే పనిలో ఈ ఊరి చెయ్యి పెద్దది. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రాజ్ రెడ్డి గారు (శ్రీకాళహస్తి దగ్గర కాటూరు ఆయనది), ఇక్కడ ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్ బాలకృష్ణన్ గారు నడిపిన డిజిటల్ లైబ్రరీ పనిలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కొన్ని పేజీలు వంకర, కొన్ని అసలు లేవు, కాపీరైటు తగాదాలు వేరే. అయినా మా తాత వెతికి వెతికి దొరకని పుస్తకం ఆర్కైవ్ సైటులో నాకు అర్ధరాత్రి దొరికింది. మీ నాన్నగారి పుస్తకం అమ్మినా అమ్మకపోయినా చెద తినని కాపీ ఒకటి శుభ్రంగా స్కాన్ చేసి పెట్టుకోండి. ఈ రోజే.

చర్చి స్ట్రీట్ ఆదివారాలు

ఒక్క సైటునే నమ్ముకోకండి అని కూడా రాయాలి. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఈబుక్స్ మొదలుపెట్టి 2015 చివర్లో మానేసింది, కొన్నవాళ్లని కొబో అనే ఇంకో ఈబుక్ కొట్టుకి పంపింది. మైక్రోసాఫ్ట్ 2019లో ఈబుక్ కొట్టు కట్టేసి డబ్బు వాపస్ ఇచ్చింది. వీళ్లు నయం. నేను ఇంకోచోట కొన్న పదకొండు తెలుగు పుస్తకాలు ఫోన్ మార్చాక తెరుచుకోలేదు, మెయిల్ పెడితే జవాబు లేదు. కొన్నాం అనుకుంటాం గానీ మనకిచ్చేది చదువుకునే అనుమతి మాత్రమే. తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది.

రాయదుర్గం బస్సు

పోస్టు ఖర్చు గురించి ఎవరో మెసేజ్ పెట్టి అడిగారు. 2025 మే నుంచి పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ అని వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకి 100. మా పోస్టాఫీసులో అడగంగానే "అదేంటి సార్" అన్నారు, ఫోన్లో సర్క్యులర్ చూపించాక తీసుకున్నారు. డాలస్‌కి మాత్రం ఈబుక్కే. అక్కడికి అచ్చు పుస్తకం పంపితే పుస్తకం కన్నా స్టాంపులే ఖరీదు.

హొరమావు మేడమీద

పదిరోజుల తర్వాత వస్తున్నా, అందరికీ చాలా థాంక్స్. సీడీ తెరుచుకుంది. అను ఫాంట్లే. వూవుయ్యలు కూడా ఉన్నారు, నాలుగో కథలో ఏడుగురు.

నిర్ణయం: అడిగినప్పుడు అచ్చేసే పద్ధతిలో నలభై కాపీలు, పక్కనే అక్షరం పెద్దది చేసుకోగల ఈపబ్. పీడీఎఫ్ మాత్రం అమ్మను. కిండిల్ అత్తయ్య గారూ, అది మీకోసం.

ఒక కథ సరిచేసి అమ్మ ట్యాబ్‌లో ఎక్కించి అక్షరం పెద్దది చేసిచ్చా. రెండు గంటలు మాట్లాడలేదు. తర్వాత "చివర ఒక లైను లేదు" అంది. పాత పుస్తకంలోనూ లేదమ్మా అంటే లోపలికెళ్లి నాన్న సొంత కాపీ తెచ్చింది. ఆఖరి పేజీలో, కింద ఖాళీలో, పెన్సిల్‌తో ఆయన చేతిరాత. ప్రెస్సులో పేజీ సరిపోక తీసేశారట, ఈయన అడగడానికి మొహమాటపడి అలా రాసుకున్నారట. ఇరవై ఏళ్లు నాకు తెలీదు.

పేజ్‌మేకర్ గారూ, ఇప్పుడు ఆ లైను కలపొచ్చా? పేజీలన్నీ జరిగిపోతాయా?

పేజ్‌మేకర్ బాధితుడు

ఈపబ్‌లో పేజీలే ఉండవు, ఎక్కడైనా కలుపుకోండి. అచ్చుదాంట్లో ఆ పేజీలో పైన రెండు పేరాల మధ్య జాగా కాస్త బిగిస్తే పట్టేస్తుంది. అప్పుడూ పట్టేదే, ఎవరో బద్ధకించారు. ఫైలు, ఆ పెన్సిల్ పేజీ ఫొటో నాకు పంపండి, శనివారం చేసిస్తా.