కొత్త అమావాస్య రాత్రి గండికోటలో పాలపుంత: కిట్ లెన్సు సరిపోతుందా?

పెన్నలోయ_బాటసారి:
ఉగాది ముందు అమావాస్యకి, అంటే 2026 మార్చి 18 రాత్రి, గండికోట లోయ అంచున టెంటు వేసుకుంటున్నాం. నా దగ్గర 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, దానితో వచ్చిన 18-55 మి.మీ. కిట్ లెన్సు, 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు, ఓ మాదిరి ట్రైపాడ్ ఉన్నాయి. లోయ రాళ్లు కింద, పాలపుంత పైన వచ్చేలా ఒక్క మంచి ఫొటో చాలు. ఎన్నింటికి లేవాలి? సెట్టింగులు ఎలా పెట్టాలి? ఫోకస్ దగ్గరే అందరూ దెబ్బతింటారని విన్నాను, నిజమేనా?

చుక్కల_పంచాంగం:
తేదీ బాగా ఎంచుకున్నారు. చంద్రుడి బెడద ఉండదు. పాలపుంత నడిబొడ్డు ఆ రాత్రి సుమారు ఒంటిగంటకి ఆగ్నేయంలో ఉదయిస్తుంది. అప్పుడే లేచి కూర్చోకండి. గండికోట నుంచి ఆగ్నేయమంటే ముద్దనూరు, ఎర్రగుంట్ల వైపు. థర్మల్ కేంద్రం వెలుగు సరిగ్గా అక్కడే దిగంతం మీద పసుప్పచ్చగా పరుచుకుని ఉంటుంది. తూర్పున జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దీపాలు సరేసరి. రెండింటికి నడిబొడ్డు ఎత్తు 14 డిగ్రీలే, ఆ వెలుగులోనే మునిగి ఉంటుంది. మూడున్నరకి 30 డిగ్రీలకి లేస్తుంది. నాలుగున్నరకి దాదాపు 40 డిగ్రీల ఎత్తున, దక్షిణానికి జరుగుతూ ఉంటుంది. 5:10 దాటితే వేకువ వెలుగు మొదలు. కాబట్టి అసలు పని మూడున్నరకీ ఐదుకీ మధ్యే. మూడింటికి అలారం పెట్టుకోండి, కళ్లు చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది.

ఎక్కడ చూడాలంటే: వృశ్చికంలో ఎర్రగా మెరిసే జ్యేష్ఠని పట్టుకోండి. అక్కణ్ణుంచి తేలు తోక కిందికి వంపు తిరుగుతుంది, అదే మూల. ఆ తోక కొసకీ, ఎడమ పక్కన ఉన్న ధనుస్సుకీ మధ్య పాలపుంత అన్నిటికన్నా చిక్కగా ఉంటుంది.

ఒక మాట. సూర్యోదయం ఫొటోలు తీసే చోటే దీనికీ పనికొస్తుందనుకోవద్దు. సాయంత్రం వెలుతురుండగానే దిక్సూచి పట్టుకుని దక్షిణ ఆగ్నేయం వైపు రాళ్లు ఎక్కడ బాగున్నాయో చూసి, ట్రైపాడ్ కాళ్లు పెట్టే చోట గులకరాళ్లు పేర్చి గుర్తు పెట్టుకోండి.

ఎఫ్_మూడున్నర:
కిట్ లెన్సు చాలు. 18 దగ్గర పెట్టి, కెమెరా నిలువుగా తిప్పండి. అలా 66 డిగ్రీల ఎత్తు పడుతుంది కాబట్టి రాళ్లూ నడిబొడ్డూ రెండూ ఇముడుతాయి. రా ఫార్మాట్ (కెమెరా దిద్దకుండా ఇచ్చే ఫైలు), ఎఫ్/3.5 (అంటే లెన్సు పూర్తిగా తెరిచి), ఐఎస్‌ఓ 3200, వైట్ బ్యాలెన్స్ 3900 కెల్విన్. చుక్కలు గీతల్లా సాగకుండా షట్టరు ఎంతసేపు తెరిచి ఉంచొచ్చో చెప్పడానికి 500 సూత్రం ఉంది కదా: 500ని 27తో (18 × 1.5, ఈ 1.5 క్రాప్ సెన్సర్ లెక్క) భాగిస్తే 18 సెకన్లు.

ఫోకస్ సంగతి మీరు విన్నది నిజమే. అనంతం గుర్తు దగ్గర పెట్టి వదిలేస్తే చుక్కలు బూందీ గింజల్లా వస్తాయి. ఆటో ఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో స్వాతినో చిత్తనో ఫ్రేములోకి తెచ్చి, లెన్సు 18 దగ్గరే ఉంచి తెర మీద బొమ్మని పూర్తిగా పెద్దది చేసి, ఫోకస్ రింగు ఇటూ అటూ తిప్పుతూ చుక్క అన్నిటికన్నా చిన్నగా కనపడే చోట ఆపండి. ఆపాక జూమ్ రింగు ముట్టుకోకండి, ఫోకస్ జరుగుతుంది.

ఇంకో చిక్కు: కొత్త తరహా కిట్ లెన్సులు చాలావాటిలో ఫోకస్ రింగు అద్దాలని నేరుగా తిప్పదు, మోటారుకి కబురు పెడుతుంది, అంతే. కెమెరా నిద్రలోకి జారుకుంటే ఫోకస్ మారిపోవచ్చు. స్టాండ్‌బై టైమరుని వీలైనంత ఎక్కువ పెట్టండి, ప్రతి పది ఫొటోలకోసారి తీసిన ఫొటోని తెర మీద పెద్దది చేసి చూసుకోండి.

మూల_నాలుగో_పాదం:
పైన చెప్పిన 18 సెకన్లతో నేను ఏకీభవించను. 500 సూత్రం ఫిల్ము రోజులది. 24 మెగాపిక్సెళ్లలో 18 సెకన్లకి చుక్కలు బియ్యపు గింజల్లా సాగుతాయి. పిక్సెల్ సైజునీ ఎఫ్ సంఖ్యనీ లెక్కలోకి తీసుకునే ఎన్‌పీఎఫ్ సూత్రం ప్రకారం మీ కెమెరాకి 13 సెకన్లు. అదే 50తో ఎఫ్/2.2 దగ్గరైతే 4 సెకన్లే. 50 బొమ్మ ఇరుకు, రాళ్లూ ఆకాశమూ కలిపి పట్టాలంటే ముక్కలు ముక్కలుగా తీసి అతకాలి. మొదటిసారికి ఆ తలనొప్పి వద్దు.

13 సెకన్లకి ఒక్క ఫొటోలో మచ్చలు (నాయిస్) ఎక్కువే ఉంటాయి. అందుకే కదలకుండా 20 తీయండి. సీక్వేటర్ అనే విండోస్ సాఫ్ట్‌వేర్‌లో కలిపితే మచ్చలు సుమారు నాలుగున్నర రెట్లు తగ్గుతాయి. అది ఉచితం, చుక్కల్ని జరిపి నేలని కదలకుండా ఉంచుతుంది. మ్యాక్ వాళ్లకి స్టారీ ల్యాండ్‌స్కేప్ స్టాకర్ ఉంది, అది కొనాలి. చివర్లో లెన్సుకి మూత పెట్టి అవే సెట్టింగులతో మరో 10 తీసుకోండి, సెన్సర్ సొంత మచ్చల్ని కలిపేటప్పుడు తీసేయడానికి పనికొస్తాయి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ మాత్రం ఆపేయాలి. లేకపోతే ప్రతి ఫొటో తర్వాత కెమెరా మరో 13 సెకన్లు ఊరికే కూర్చుంటుంది, వరసలో ఖాళీలు పడతాయి.

నేల నల్లటి ముద్దలా వస్తుంది. ట్రైపాడ్ కదపకుండా ఐఎస్‌ఓ 800కి దించి, బల్బ్ మోడ్‌లో (మనం ఆపేదాకా షట్టరు తెరిచే ఉంటుంది) 3, 4 నిమిషాల ఫొటో ఒకటి నేల కోసం విడిగా తీసి తర్వాత కలపండి. రాయి 5 మీటర్ల కన్నా దూరంగా ఉంటే చుక్కల కోసం పెట్టిన ఫోకస్సే దానికీ చాలు.

పెన్నలోయ_బాటసారి:
చాలా థాంక్స్. మంచు పడుతుందా? టెంటు కూడా ఫొటోలో మెరవాలంటే లోపల ఏ లైటు పెట్టాలి?

ఎఫ్_మూడున్నర:
13 సెకన్లే సరి, దిద్దుకుంటున్నాను. రాయలసీమలో మార్చిలో మంచు పెద్దగా ఉండదు. అదే చలికాలం వంజంగి, అరకు అయితే లెన్సు అరగంటలో చెమర్చేస్తుంది. అయినా నీళ్లు దగ్గర్లో ఉన్నాయి కాబట్టి తెల్లవారుజామున ఓసారి టార్చి వేసి అద్దం చూడండి. కెమెరా సంచిని టెంటులో పెట్టి పడుకోవద్దు. లోపల మన ఊపిరి తేమ నిండి ఉంటుంది.

టెంటులో లైటు ఎంత తక్కువైతే అంత మేలు. ఫోను స్క్రీను అతి తక్కువ వెలుగులో పెట్టి, తువ్వాలు కప్పి, 13 సెకన్లలో ఒకటి రెండు సెకన్లు వెలిగిస్తే చాలు. మొత్తం సేపూ వెలిగితే ఫొటోలో టెంటు ఉత్త తెల్లటి ముద్దలా వస్తుంది.

చుక్కల_పంచాంగం:
లోయ అంచున గాలి గట్టిగా ఉంటుంది. ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లేపకండి. మెడపట్టీ తీసేయండి, గాలికి కొట్టుకుంటుంది. సంచి కొక్కానికి వేలాడదీస్తే దాని అడుగు నేలకి ఆనాలి, ఊగితే లేనిపోని గొడవ. లెన్సులో కుదుపు తగ్గించే మీట ఆఫ్. 2 సెకన్ల టైమరు. టార్చికి ఎర్ర జిలాటిన్ పేపరు రెండు మడతలు.

ఆ అంచుకి చాలాచోట్ల కంచె లేదు. ఫ్రేము కోసం వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి అడుగు వెనక్కి వేయడం ఒక్కటి మానుకోండి. ట్రైపాడ్ అంచుకి కనీసం రెండు మీటర్ల ఇవతల ఉండాలి. మూడింటికి లేచినప్పుడు బూట్లు దులిపి తొడుక్కోండి. మీరు వెతికేది ఆకాశంలో తేలునే, బూటులో తేలుని కాదు.