తుఫాను రోజు షిఫ్ట్‌కి రానని ఎలా చెప్పాలి?

రేపు సాయంత్రం తుఫాను తీరం దాటుతుందంటున్నారు, అయినా మా మేనేజర్ రెస్టారెంట్ తెరిచే ఉంటుంది, అందరూ రావాల్సిందే అని మెసేజ్ పెట్టాడు. పోయినసారి ఇలాగే తెరిస్తే కస్టమర్లు ఇద్దరో ముగ్గురో వచ్చారు, మేమేమో తలుపు కింద నుంచి వచ్చే నీళ్లకి టేబుల్ గుడ్డలు అడ్డం పెడుతూ కూర్చున్నాం! నాకు బైక్ తప్ప దారి లేదు, నీళ్లు నిలిచిన రోడ్డు మీద చీకట్లో మ్యాన్‌హోల్ ఎక్కడుందో ఎవరికి తెలుసు? రానంటే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్. ఇంకోటి, కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచిన ఫ్రిజ్‌లో సరుకు 4 గంటలే ఆగుతుంది కదా, ఆ తర్వాత మాంసం, పాలు పారేద్దామంటే ఈయన వినడు. ఇలాంటి చోట పనిచేసినవాళ్లు కాస్త చెప్పండి, గొడవ లేకుండా ఎలా తప్పించుకున్నారు? ఫోన్ చేయాలా, మెసేజ్‌లో రాసిపెట్టడమే మంచిదా?