బ్యాక్‌ప్యాకింగ్‌లో బీరు: క్యాన్లు మోయడం దండగా?

తేలికసంచి:
ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి నలుగురం కాలిఫోర్నియాలోనే ఉన్న యోసెమిటీ నేషనల్ పార్కుకు వెళ్తున్నాం, సామాను వీపున వేసుకుని నడక. టువాలమీ మెడోస్‌లో మొదలుపెట్టి కెథీడ్రల్ లేక్స్, సన్‌రైజ్, లిటిల్ యోసెమిటీ మీదుగా లోయలోకి దిగుతాం. మూడు రాత్రులు. సాయంత్రం టెంట్లు వేసుకున్నాక తలా ఒక బీరు ఉంటే బాగుంటుందని అందరికీ ఉంది. 355 మి.లీ. క్యాను ఒక్కోటి 370 గ్రాముల దాకా తూగుతుంది, 12 క్యాన్లంటే దాదాపు నాలుగున్నర కిలోలు. బరువు తగ్గించే మార్గం ఏదైనా ఉందా? ఉంటే, అది బీరులా ఉంటుందా?

చలిమంట:
పాట్స్ బ్యాక్‌కంట్రీ బెవరేజెస్ అనే అమెరికా కంపెనీ సరిగ్గా ఇందుకోసమే బీరు కాన్సంట్రేట్, అంటే నీళ్లు కలిపి తాగే చిక్కటి బీరు తెచ్చింది. 50 మి.లీ. ప్యాకెట్‌తో అర లీటరుకు కాస్త తక్కువ బీరు అవుతుంది. బీరులో 90 శాతానికి పైగా నీళ్లే. పక్కన వాగు పారుతుంటే నీళ్లు వీపున మోయడం దేనికి? ఫిల్టర్ చేసిన నీళ్లు వాళ్ల సీసాలో పోసి, సిట్రిక్ యాసిడ్, పొటాషియం బైకార్బొనేట్ కలిసిన పొడి మూతలో వేస్తే గ్యాస్ పుడుతుంది. సీసా బాగా ఊపితే అది నీళ్లలో కలుస్తుంది. నీళ్లు ఎంత చల్లగా ఉంటే గ్యాస్ అంత బాగా పడుతుంది కాబట్టి ముందు సీసాను కాసేపు వాగులో ఉంచాలి. దొరికితే నా ఓటు దీనికే.

పెగ్గుచాలు:
అంత తతంగం ఎందుకు బ్రో? అర లీటరు మామూలు బీరులో ఉండే ఆల్కహాల్ 60 మి.లీ. విస్కీలో ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ సీసా చాలు.

తేలికసంచి:
మాలో ఇద్దరు విస్కీ ముట్టరు. వాళ్లు మత్తు కోసం అడగట్లేదు. రోజంతా నడిచి వచ్చాక ఆ చేదు, ఆ నురగ కావాలి.

రాతిబాట:
అందరూ బరువు గురించే మాట్లాడుతున్నారు గానీ, యోసెమిటీలో అసలు ఇబ్బంది చోటుతో. అక్కడ అడవిలో రాత్రి ఉండాలంటే ఎలుగుబంట్లు తెరవలేని డబ్బా తప్పనిసరి. సీలు తీయని క్యాన్లు కూడా ఆహారం కిందికే వస్తాయి, అవీ డబ్బాలోనే ఉండాలి. తాగేసిన ఖాళీ క్యానుకూ వాసన ఉంటుంది, దాన్ని నలిపి అందులోనే పెట్టి తిరిగి తెచ్చుకోవాలి. ఎక్కువమంది వాడే బేర్‌వాల్ట్ పెద్ద డబ్బా 11.5 లీటర్లు. మొదటి రాత్రి నాలుగు తాగేసినా ఇంకా ఎనిమిది మిగులుతాయి. వాటి మధ్య ఖాళీలతో కలిపితే డబ్బాలో మూడో వంతు పైనే పోతుంది. ఇక ఉప్మా రవ్వ, మ్యాగీ ఎక్కడ పెడతారు?

అలాగని కాన్సంట్రేట్‌కు నేను ఓటు వేయను. ఆ సీసా, పొడి ప్యాకెట్లు కూడా లెక్కలోకి వస్తాయి. తలా ఒకటి కలపాలంటే ఒకే సీసాతో నాలుగుసార్లు ఊపాలి. చివరివాడి వంతు వచ్చేసరికి మొదటివాడిది అయిపోతుంది. అందరూ కలిసి కూర్చుని తాగడం కోసమే కదా ఇదంతా!

నేను చేసేది ఇది: 10 శాతం ఆల్కహాల్ ఉండే ఇంపీరియల్ స్టౌట్ (ఘాటైన నల్ల బీరు) క్యాన్లు తీసుకెళ్లి ఇద్దరికి ఒకటి పంచుతాను. 12 బదులు ఆరే మోస్తాం, తలకు వచ్చే ఆల్కహాల్ మాత్రం అంతే. పైగా లాగర్, అంటే మామూలు పసుపు బీరు, వెచ్చబడితే నోట పెట్టలేం, స్టౌట్ కాస్త చల్లగా ఉంటే చాలు. క్యానుకు తడి సాక్సు తొడిగి నీడలో గాలి తగిలే చోట పెట్టండి. అక్కడి సియెరా కొండల గాలి పొడిగా ఉంటుంది, నీరు ఆవిరయ్యే కొద్దీ క్యాను చల్లబడుతుంది. పక్కన మాత్రం మనిషి ఉండాలి. వాగులో వదిలేసి చేపలు పట్టడానికి వెళ్లకండి. ఇంకో విషయం, కెథీడ్రల్ లేక్స్ ఎత్తు 2,800 మీటర్ల పైనే. గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 30 శాతం దాకా తక్కువ, అందుకే నురగ పొంగిపోతుంది. రోజంతా సంచిలో కుదిలిన క్యానును కాసేపు కదపకుండా ఉంచి, కప్పు దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తెరవండి.

నిదానంగా:
మీరంతా మంచి సలహాలే ఇస్తున్నారు గానీ, ఆ ఎత్తు మొదటి రాత్రిది. పొద్దున సముద్రమట్టానికి దగ్గరున్న బే ఏరియాలో బయల్దేరి సాయంత్రానికి అక్కడ పడుకుంటారు. మద్యం తాగితే నిద్రలో శ్వాస ఇంకా మందగిస్తుంది, తెల్లారి తలనొప్పి ఎత్తు వల్లో బీరు వల్లో తేల్చుకోలేరు. ఎత్తైన చోట్లకు వెళ్లేవాళ్లకు అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఇచ్చే సలహా కూడా మొదటి 48 గంటలు మద్యం వద్దనే. చివరి రాత్రి లిటిల్ యోసెమిటీలో తాగండి, అది 1,900 మీటర్ల లోపే.

చలిమంట:
బీరు పొడి కూడా ఉందండోయ్. జర్మనీలో నోయ్‌ట్సెల్లె అనే ఊళ్లోని బ్రూవరీ 2023లో ప్రకటించింది. మొదట తయారుచేసింది ఆల్కహాల్ లేనిది. అలాంటిదైతే మొదటి రాత్రి కూడా ఇబ్బంది లేదు.

తేలికసంచి:
నిదానంగా గారూ, మీ మాట మా ఆవిడకు బాగా నచ్చింది. చివరి రాత్రి ఒక్కటే, రెండు స్టౌట్ క్యాన్లు, నలుగురం పంచుకుంటాం. మొత్తం 750 గ్రాములు.

చలిమంట:
రెండే అయితే క్యానే నయం. కానీ జాన్ మ్యూర్ ట్రైల్ లాంటి 340 కిలోమీటర్ల నడకకు కాన్సంట్రేట్ తప్ప దారి లేదు.

రాతిబాట:
ఆ దారిలో రెడ్స్ మెడో స్టోర్‌లో చల్లటి బీరే అమ్ముతారు అన్నా.