ఫున్మిలాయో రాన్సమ్-కుటి మీద ఒపెరా ఉందా?

నైజీరియా మహిళా హక్కుల నాయకురాలు ఫున్మిలాయో రాన్సమ్-కుటి గురించి చదువుతున్నాను. ఆ దేశపు అబెయోకుటా పట్టణంలో, బజారులో సరుకులమ్ముకునే స్త్రీలను కూడగట్టి, ఆడవాళ్లపై వేసిన పన్నుకు ఎదురుతిరిగారు. 1949లో అక్కడి రాజు (ఆయన బిరుదు 'అలాకే') గద్దె దిగవలసి వచ్చింది! అంతటి ఉద్యమంలో ఆ స్త్రీలకు పాట ఒక ఆయుధం. రాజభవనం ముందు కూర్చుని, ఆయన్ను ఎద్దేవా చేస్తూ తమ యోరుబా భాషలో పాడేవారు.

నైజీరియా నాటకకర్త డూరో లడిపో వంటివారు పాట, నృత్యం, డోలు కలిపి యోరుబా ఒపెరాను (సంగీత నాటకాన్ని) తీర్చిదిద్దారు కదా. ఆ బాణీలో ఈమె కథను ఎవరైనా రంగస్థలం మీదికి తెచ్చారా? రికార్డింగు ఎక్కడ దొరుకుతుంది? లేగోస్‌లో ఉంటున్న తెలుగువారెవరైనా చూశారా? కనీసం ఆ నిరసన పాటల సాహిత్యం, అర్థంతో సహా, దొరికే చోటు చెప్పినా ఎంతో మేలు చేసినవారవుతారు. ఆమె కొడుకు, గాయకుడు ఫేలా కుటి పాటలు నా దగ్గర ఉన్నాయి, నాకు కావలసింది ఆ తల్లుల గొంతు.