అప్‌డేట్: ప్యాడ్లు మార్చాక ఎడమ చక్రం వేడెక్కడం – తప్పంతా పిన్‌దే

ముందు బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చాక ఎడమ చక్రం కాలిపోతోంది, పిస్టన్‌ను (ప్యాడును నొక్కే భాగం) వెనక్కి నెట్టే టూల్ కిట్, కొత్త డిస్కులు కొనాలా అని పోయిన నెల అడిగాను కదా. తీరింది.

క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు పట్టించే భాగం) అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్ చూడమన్న అన్నకు థ్యాంక్స్. కింది పిన్ గ్రీసు ఎండిపోయి బిగుసుకుపోయింది, అందుకే ప్యాడు డిస్కును వదలక చక్రం వేడెక్కేది. శుభ్రంగా తుడిచి, పిన్ మీది రబ్బరు తొడుగు (బూటు) మార్చి, సిలికాన్ గ్రీసు రాశాను. మామూలు బేరింగ్ గ్రీసుకు రబ్బరు ఉబ్బుతుందని కడప ఏడు రోడ్ల దగ్గర ఒక మెకానిక్ ముందే చెప్పాడు, మంచిదైంది.

కిట్ అక్కర్లేదు. పాత ప్యాడు అడ్డం పెట్టి సీ-క్లాంపుతో పిస్టన్ నొక్కాను. తిప్పుతూ నొక్కే టూలు హ్యాండ్‌బ్రేకు కలిసున్న వెనక క్యాలిపర్లకట, నా బండికి వెనక డ్రమ్ము బ్రేకులే! డిస్కు మందం కూడా దానిమీద అచ్చేసిన కనీస కొలత కంటే ఎక్కువే ఉంది. నా తెలివితక్కువ పని ఒక్కటే, బ్రేక్ ఫ్లూయిడ్ ముందే నిండా పోసిపెట్టాను. పిస్టన్ నొక్కగానే అది పొంగి బండి పెయింటు కాస్త లేచిపోయింది.

పెడల్ గట్టిపడేదాకా తొక్కాకే బండి కదిలించాను. నిన్న పులివెందులకు పోయొచ్చాను, ముందు రెండు చక్రాల వేడీ ఒకేలా ఉంది.