డిస్కులో సగం పైగా ఖాళీ ఉంది, అయినా చోటు లేదంటూ అపాచీ లేవడం లేదు

పట్టుకొట్టు_బరంపురం:

అందరికీ నమస్తే. మాది బరంపురంలో పట్టుచీరల హోల్‌సేల్ కొట్టు. పై గదిలో ఒక పాత సర్వర్ ఉంది, 2013లో ఫైలిన్ తుఫానుకి అంతకుముందు కంప్యూటర్ తడిసిపోయాక కొన్నది. సెంట్‌ఓఎస్ 6 అనే లినక్స్, పేజీలు పంపే వెబ్ సర్వర్ అపాచీ 2.2.15, సైటు కోడ్ పీహెచ్‌పీ 5.3, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.1. మా స్టాకు సైటు దాని మీదే నడుస్తుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట షాపులవాళ్ళు ఫోన్లో తెరిచి కుంభం అంచు చీరలు ఏ రంగులో ఎన్ని ఉన్నాయో చూసుకుని ఆర్డరు పెడతారు. సైటు రాసిన కుర్రాడు ఉద్యోగం వచ్చి భువనేశ్వర్ వెళ్ళిపోయాడు, ఇప్పుడు చూసుకునేది నేనే. కమాండ్ చెబితే కొట్టగలను, లాగ్ చదవగలను, అంతవరకు వచ్చు.

సమస్య ఏంటంటే, బాగా నడుస్తున్న సైటు ఒక్కసారిగా పోతుంది. అపాచీ స్టార్ట్ చేస్తే ఫెయిల్డ్ అని వస్తుంది. ఎర్రర్ లాగ్‌లో ఎమర్జ్ అని, బ్రాకెట్లో 28 అని, తర్వాత నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్, కుడ్‌నాట్ క్రియేట్ యాక్సెప్ట్ లాక్ అని ఉంటుంది. సరే డిస్కు నిండిందేమో అని, ఖాళీ ఎంతో చూపించే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే సగం పైగా ఖాళీ. మిషన్ రీబూట్ చేస్తే అన్నీ మామూలే, మళ్ళీ కొన్నాళ్ళకి అదే గొడవ. మామూలు రోజుల్లో చాలా ఎడంగా వస్తుంది, పెళ్ళిళ్ళ సీజన్లో మాత్రం ఊపిరి తీసుకోనివ్వదు, అదీ సాయంత్రం షాపులన్నీ ఆర్డర్లు పెట్టే వేళకే.

సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. కిందటి దసరా ముందు కొట్టు మొత్తానికి పెద్ద ఇన్వర్టర్ పెట్టించాం, కొత్తగా జరిగింది అదొక్కటే. దానికి ముందు ఈ ఎర్రర్ చూసిన గుర్తు ఎవరికీ లేదు. ఇన్వర్టర్ కరెంటు పడక హార్డ్ డిస్కు పాడవుతోందేమో అని మా మావయ్య అనుమానం. వైశాఖంలో ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

జయపురం_నెట్:

అన్నా, డీఎఫ్ ఒక్కటి చూస్తే సరిపోదు. డీఎఫ్ మైనస్ ఐ కొట్టి ఐనోడ్లు, అంటే ఫైలుకొకటి చొప్పున ఖర్చయ్యే ఎంట్రీలు, ఎన్ని మిగిలాయో చూడండి. పీహెచ్‌పీ సెషన్ ఫైళ్ళు లక్షల్లో పేరుకుపోతే డిస్కులో చోటున్నా కొత్త ఫైలు పుట్టదు, అప్పుడూ ఇదే మాట వస్తుంది. ఇంకోటి, లాగ్ ఫైలు డిలీట్ చేసినా ఏదో ప్రాసెస్ దాన్ని పట్టుకుని ఉంటే ఆ చోటు తిరిగి రాదు. మా దగ్గర ఒక ఆఫీసులో అచ్చం అలాగే అయింది, తెరిచి ఉన్న ఫైళ్ళు చూపించే ఎల్ఎస్ఓఎఫ్‌లో డిలీటెడ్ అని వెతికితే దొరికింది.

పట్టుకొట్టు_బరంపురం:

థాంక్స్ అన్నా. రెండూ చూశాను. ఐనోడ్లు పది శాతం కూడా వాడలేదు. డిలీటెడ్ అని పట్టుకున్న ఫైళ్ళు ఏమీ లేవు. డిస్కుకి స్మార్ట్ టెస్టు కూడా పెట్టాను, బాగానే ఉందంటోంది. లాగ్ ఫోల్డర్‌లో నేను ఫైలు తయారుచేస్తే చక్కగా అవుతోంది, అపాచీకి మాత్రం చోటు లేదట.

ఉక్కునగరం_లినక్స్:

ఇది డిస్కు సంగతి కాదండీ, ఆ వెతుకులాట ఆపేయండి. ఆ మెసేజ్ చాలామందిని ఏళ్ళ తరబడి తప్పుదారి పట్టించింది.

28 అనేది కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, ఇచ్చే ఎర్రర్ నంబరు. ఆ నంబరు వస్తే ప్రోగ్రాములు నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్ అనే వాక్యాన్ని ముద్రిస్తాయి. డిస్కు నిండినా అదే నంబరు, సెమాఫోర్లు, అంటే ప్రాసెస్‌లు వంతులు పాటించడానికి వాడే తాళాలు, వాటి కోటా నిండినా అదే నంబరు. మీకు నిండింది రెండోది. మీ లాగ్‌లోనే చూడండి, యాక్సెప్ట్ లాక్ తయారుచేయలేకపోయాను అంటోంది కదా. మీరు వాడే ప్రీఫోర్క్ రకం అపాచీలో చాలా చైల్డ్ ప్రాసెస్‌లు ఒకే పోర్టు దగ్గర కాచుకుని ఉంటాయి. కొత్త కనెక్షన్ వస్తే అన్నీ ఒక్కసారి మీద పడకుండా, ఎవరి చేతిలో తాళం ఉంటే వాళ్ళే తీసుకోవాలి. ఆ తాళాన్ని సెంట్‌ఓఎస్ 6లో సిస్టమ్ ఫైవ్ అనే రకం సెమాఫోర్‌గా పెడతారు. ఎస్ఎస్ఎల్ (హెచ్‌టీటీపీఎస్ సైట్ల) మాడ్యూల్ ఉంటే దానికి ఇంకొకటి.

అసలు చిక్కు ఇక్కడుంది. సిస్టమ్ ఫైవ్ సెమాఫోర్ కెర్నల్ మెమరీలో ఉంటుంది, తయారుచేసిన ప్రాసెస్ చచ్చిపోయినా అది పోదు. ఎవరో ఒకరు దాన్ని తీసేయమని చెప్పాలి, లేదా మిషన్ రీబూట్ అవ్వాలి. అపాచీని మర్యాదగా ఆపితే పోయేముందు తన సెమాఫోర్లు తనే తీసేసి వెళ్తుంది. బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 కొడితే ఆ అవకాశమే ఉండదు, ఉన్నచోటే పడిపోతుంది, సెమాఫోర్ అలాగే మిగిలిపోతుంది. మళ్ళీ స్టార్ట్ చేస్తే పాతదాన్ని వాడుకోదు, కొత్తది అడుగుతుంది. లాడ్జిలో తాళంచెవి అప్పజెప్పకుండా వెళ్ళిపోతే ఆ గది రిజిస్టర్లో నిండినట్టే ఉంటుంది కదా, అలా. మీ కెర్నల్ 2.6.32. అందులో మొత్తం సిస్టమ్‌కి 128 సెమాఫోర్ సెట్లే పరిమితి. లినక్స్ 3.19 నుంచి దాన్ని 32,000 చేశారు, అందుకే కొత్త మిషన్ల మీద పనిచేసేవాళ్ళు ఈ ఎర్రర్‌ని దాదాపుగా చూసి ఉండరు.

మళ్ళీ ఆగినప్పుడు రీబూట్ చేయకుండా ముందు, సెమాఫోర్ల లిస్టు చూపించే ఐపీసీఎస్ మైనస్ ఎస్ కొట్టండి. ఓనర్ కాలమ్‌లో అపాచీ అని వరసగా దిగిపోతూ ఉంటే నేను చెప్పింది ఖాయం. ఐపీసీఎస్ మైనస్ ఎస్ మైనస్ ఎల్ కొడితే పరిమితులు కనిపిస్తాయి. ఇంకొకటి చెప్పండి, మీ మిషన్లో అపాచీని బలవంతంగా చంపే స్క్రిప్టు ఏదైనా ఉందా? రూట్ క్రాన్‌ట్యాబ్ (వేళకి తమంతట నడిచే పనుల లిస్టు) చూడండి.

పట్టుకొట్టు_బరంపురం:

అన్నా, నిన్న సాయంత్రం మళ్ళీ ఆగింది. మీరు చెప్పినట్టే చూశాను. స్క్రీన్ మీద పై నుంచి కిందికి అపాచీ, అపాచీ, అపాచీ అనే ఉంది, లెక్కపెడితే సరిగ్గా 128. ఇంకెవరిదీ ఒక్కటి కూడా లేదు. చూడగానే ఒళ్ళు ఝల్లుమంది!

క్రాన్‌లో కూడా దొరికింది. ప్రతి ఐదు నిమిషాలకీ ఒక స్క్రిప్టు లేచి, కర్ల్‌తో హోమ్ పేజీ అడుగుతుంది, పది సెకన్లలో జవాబు రాకపోతే కిల్ఆల్ మైనస్ 9 హెచ్‌టీటీపీడీ (అపాచీ ప్రాసెస్ పేరు అదే) కొట్టి, రెండు సెకన్లు ఆగి, మళ్ళీ స్టార్ట్ చేస్తుంది. ఫైలు తేదీ చూస్తే 2015. అంటే అప్పటినుంచీ ఉంది. మరి ఇన్నేళ్ళు లేని గొడవ ఇప్పుడెందుకు వచ్చింది?

ఉక్కునగరం_లినక్స్:

మీ ఇన్వర్టరే కారణం, కాకపోతే మీ మావయ్యగారు అనుకున్న దారిలో కాదు. ఇదివరకు మీ దగ్గర కరెంటు గంటల తరబడి పోయేది, చిన్న యూపీఎస్ కాసేపు ఆపి చేతులెత్తేసేది, మిషన్ ఆగిపోయి మళ్ళీ లేచేది. లేచిన ప్రతిసారీ సెమాఫోర్లు సున్నా నుంచి మొదలు. 128 నిండే లోపలే ఎప్పుడో ఒకప్పుడు కరెంటు పోయేది. ఇప్పుడు మిషన్ ఆగడం లేదు, అందుకే లీక్ పైకి కనిపిస్తోంది. ఇన్వర్టర్ మంచిదే, ఉంచుకోండి.

ఇప్పుడు చేయాల్సింది. అపాచీని పూర్తిగా ఆపండి, ఒక్క హెచ్‌టీటీపీడీ ప్రాసెస్ కూడా లేదని పీఎస్‌లో చూసుకోండి. తర్వాత ఐపీసీఎస్ లిస్టులో ఓనర్ అపాచీ అని ఉన్న ఐడీలను మాత్రమే ఐపీసీఆర్ఎం మైనస్ ఎస్‌తో తీసేయండి. వేరే ఓనర్‌వి ముట్టుకోవద్దు, కొన్ని డేటాబేస్‌లు కూడా సెమాఫోర్లు వాడతాయి, అవి నడుస్తుండగా తీస్తే కూలిపోతాయి. ఇక రీబూట్ అక్కర్లేదు, అపాచీ లేస్తుంది.

తర్వాత ఆ స్క్రిప్టులో మైనస్ 9 తీసేసి సర్వీస్ స్టాప్ పెట్టండి, ఇరవై సెకన్లు ఆగనివ్వండి, అప్పటికీ చావకపోతేనే మైనస్ 9, దాని వెంటనే అపాచీ సెమాఫోర్లు తీసే లైను. కాన్ఫిగ్‌లో యాక్సెప్ట్‌మ్యూటెక్స్ ఎఫ్‌సీఎన్‌టీఎల్ అని కూడా పెట్టొచ్చు, అప్పుడు ఆ తాళం ఫైలు మీద పడుతుంది, ప్రాసెస్ చస్తే తాళం దానంతటదే వదిలిపోతుంది. కెర్నల్ సెమ్ అనే సెట్టింగులో నాలుగో విలువను 128 నుంచి పెంచేయమని నెట్‌లో చాలాచోట్ల రాస్తారు. అది రోగాన్ని వాయిదా వేయడమే, ఒక్కటే చేసి ఊరుకోవద్దు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్న ప్రశ్న వేరే ఉంది. పది సెకన్లలో హోమ్ పేజీ ఎందుకు రావడం లేదు? సాయంత్రం అన్నారు, పెళ్ళిళ్ళ సీజన్ అన్నారు, కొండల్లో నెట్‌వర్క్ అంతంతమాత్రంగా ఉండే షాపులు. కాన్ఫిగ్‌లో కీప్‌అలైవ్ (పేజీ ఇచ్చాక కూడా కనెక్షన్ తెరిచి ఉంచడం) ఆన్ ఉందేమో చూడండి, దాని టైమ్‌అవుట్ ఎంతో, మ్యాక్స్‌క్లయింట్స్ (ఒకేసారి ఉండగల చైల్డ్‌ల పరిమితి) ఎంతో, ర్యామ్ ఎంతో చెప్పండి.

పట్టుకొట్టు_బరంపురం:

కీప్‌అలైవ్ ఆన్, టైమ్‌అవుట్ 15, మ్యాక్స్‌క్లయింట్స్ 256, ర్యామ్ 4 జీబీ. ఒక్కో చైల్డ్ ప్రాసెస్ సుమారు 30 ఎంబీ తింటోంది. సెమాఫోర్లు తీసేశాను, రీబూట్ లేకుండానే లేచింది అన్నా, చాలా సంతోషంగా ఉంది.

ఉక్కునగరం_లినక్స్:

అదే అనుకున్నా. 256ని 30తో గుణించండి, ఏడున్నర జీబీ దాటుతుంది, మీ దగ్గర ఉన్నది నాలుగు, అందులో మైఎస్‌క్యూఎల్ వాటా వేరే. ఫోన్ పేజీ చూసేసి పక్కన పెట్టినా 15 సెకన్ల పాటు ఒక ప్రాసెస్ దానికోసమే కాచుకుని కూర్చుంటుంది. చైల్డ్‌లు పెరుగుతాయి, మెమరీ నిండి స్వాప్‌లోకి, అంటే డిస్కు మీదికి పోతుంది, అప్పుడు ప్రతి పేజీ నత్తనడక, మీ స్క్రిప్టు పది సెకన్లు చూసి చంపేస్తుంది. ఆర్డరు పెడుతున్నవాళ్ళది మధ్యలో పోయి, వాళ్ళు మళ్ళీ మళ్ళీ నొక్కుతారు, లోడు ఇంకా పెరుగుతుంది. మ్యాక్స్‌క్లయింట్స్ 80కి దించండి, కీప్‌అలైవ్ టైమ్‌అవుట్ 2 చేయండి. 80 అంటే 2400 ఎంబీ, మిగతాది డేటాబేస్‌కి సరిపోతుంది. తక్కువ పెడితే సైటు స్లో అవుతుందని భయపడకండి, మీ విషయంలో తక్కువ పెడితేనే వేగం.

పర్లా_మాస్టారు:

బాబూ, గొడవ తీరింది కదా అని ఆ మిషన్‌ని మాత్రం ఇలాగే వదిలేయకండి. సెంట్‌ఓఎస్ 6కి 2020 నవంబర్ 30తో సపోర్టు అయిపోయింది, అపాచీ 2.2కి అంతకుముందే, 2017లోనే. ఎన్నో ఊళ్ళ షాపుల ఫోన్ నంబర్లు, బాకీలు అన్నీ అందులో ఉన్నాయి, అది నేరుగా ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంది. మీ కోడ్ పీహెచ్‌పీ 5.3 నాటిది, అందులో మైఎస్‌క్యూఎల్ అండర్‌స్కోర్ అని మొదలయ్యే పాత ఫంక్షన్లు ఉండే ఉంటాయి, పీహెచ్‌పీ 7లో వాటిని తీసేశారు, కాబట్టి కొత్త మిషన్‌లోకి కాపీ చేస్తే నడవదు, తిరగరాయాలి. అది అయ్యేదాకా కొత్త చిన్న మిషన్ ఒకటి ముందు పెట్టి, దాని మీద ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్‌ని రివర్స్ ప్రాక్సీగా, అంటే బయటివాళ్ళతో తను మాట్లాడి వెనక సర్వర్‌కి అందించేదిగా, నడిపి, పాతదాన్ని వెనక లోపలి నెట్‌వర్క్‌లో దాచండి. నెట్‌వర్క్ సరిగా లేని ఫోన్లను కాచుకునే పని కూడా ఎన్‌జినెక్స్ చూసుకుంటుంది, మీ అపాచీ మీద భారం తగ్గుతుంది.

ఇంకొక ముఖ్యమైన మాట, మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఇది తప్పనిసరి. మీ సైటులో షాపుల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఉన్నాయా?

పట్టుకొట్టు_బరంపురం:

ఉన్నాయి మాస్టారూ, ఎవరికి వచ్చిన లిపిలో వాళ్ళు పెట్టుకున్నారు. కొన్ని పేర్లు చివర చెదిరి ఉంటాయి. వెంకటేశ్వరరావు గారి పేరు వెంకటేశ్వరరావ అని వచ్చి పక్కన ఒక పిచ్చి గుర్తు ఉంటుంది, ఎన్నిసార్లు సరిచేసినా మళ్ళీ అలాగే అవుతుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

పర్లా_మాస్టారు:

సెమాఫోర్ల గొడవతో సంబంధం లేదు గానీ, మిషన్ మార్చేటప్పుడు మిమ్మల్ని పట్టుకునేది అదే. మైఎస్‌క్యూఎల్ 5.1లో ఏమీ చెప్పకుండా టేబుల్ తయారుచేస్తే అది లాటిన్1, అంటే గుర్తుకి ఒక్క బైటే లెక్కేసే పాత పద్ధతి, అవుతుంది. సైటు పంపేది అన్ని లిపులనూ రాయగల యూటీఎఫ్-8. తెలుగైనా ఒడియా అయినా ఒక్కో కోడ్ గుర్తుకి మూడు బైట్లు పడతాయి, గుడి, కొమ్ము, సున్నా, పొల్లు అన్నీ వేరువేరు గుర్తులే. వెంకటేశ్వరరావులో అలాంటివి 14, అంటే 42 బైట్లు. మీ పేరు కాలమ్ వార్‌చార్ 40 అయి ఉంటుంది, లాటిన్1లో 40 అంటే 40 బైట్లే, చివరి కొమ్ము మధ్యలో తెగిపోయి ఒక బైటు మిగిలింది, ఆ పిచ్చి గుర్తు అదే.

ఒక తెలుగు పేరు మీద లెంగ్త్ (బైట్ల లెక్క), క్యార్ లెంగ్త్ (గుర్తుల లెక్క) రెండూ అడిగి చూడండి. రెండూ సమానంగా వస్తే డేటా లాటిన్1 వేషంలో ఉందన్నమాట. అప్పుడు డంప్ (డేటా మొత్తం ఒక ఫైలుగా) తీసేటప్పుడు డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని, స్కిప్ సెట్ క్యార్‌సెట్ అని చెప్పి తీయండి, వచ్చిన ఫైలులో టేబుళ్ళ దగ్గర లాటిన్1 అని ఉన్నచోట యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చి కొత్త మిషన్‌లోకి అదే క్యారెక్టర్ సెట్‌తో ఎక్కించండి. మామూలుగా డంప్ తీస్తే రెండుసార్లు మార్పిడి జరిగి తెలుగు పేర్లన్నీ చదవలేని గీతలైపోతాయి. మారే కాలమ్‌లు వార్‌చార్ 100 పెట్టండి, తెగిపోయిన పేర్లు మాత్రం చేత్తో దిద్దుకోవాల్సిందే, పోయిన బైట్లు ఎక్కడా ఉండవు. ముందు ఒక కాపీ మీద చేసి, తెలుగు పేరొకటి ఒడియా పేరొకటి తెరిచి చూసుకున్నాకే అసలుది మార్చండి.

పట్టుకొట్టు_బరంపురం:

మాస్టారూ, చూశాను, రెండు లెంగ్తులూ సమానంగానే వచ్చాయి, కాలమ్ కూడా మీరన్నట్టే 40. మ్యాక్స్‌క్లయింట్స్ 80, టైమ్‌అవుట్ 2 పెట్టాక సాయంత్రాలు ఆర్డర్లు ఆగడం లేదు, స్క్రిప్టు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా అపాచీని ఆపాల్సిన అవసరం రాలేదు, ఐపీసీఎస్‌లో రెండే లైన్లు ఉన్నాయి. ఎన్‌జినెక్స్ మిషన్‌కి మావయ్య ఒప్పుకున్నాడు. ముహూర్తాలు అయ్యేవరకు డేటాబేస్ ముట్టుకోను, తర్వాత కాపీ మీద చేసి ఫలితం ఇక్కడే రాస్తాను. అన్నా, మాస్టారూ, మీ ఇద్దరికీ, జయపురం అన్నకీ చాలా చాలా థాంక్స్.